స్విఫ్టా, పోలోనా, డీజిలా, పెట్రోలా: మిర్చి డబ్బులతో సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు

పోస్టు పెద్దదే, తీరిగ్గా చదువుకోండి.

"నాలుగు లక్షల్లో మంచి పికప్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు ఏది తీసుకోవాలి అన్నా?" అని మన వాళ్లు చాలామంది అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మంచిదనిపించింది. మేమంటే జగ్గయ్యపేట, నందిగామ వైపు తాండాల కుర్రాళ్లం నలుగురం. ఒకడు నందిగామలో మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు, ఒకడు బీటెక్ మెకానికల్, ఇద్దరం గ్రూప్స్‌కి చదువుతున్నాం. ఎవరు కారు చూడ్డానికి పోయినా ఆదివారం పూట మేం నలుగురం కలిసే పోతాం. మొన్న మాలో ఒకడికే కారు కావాల్సి వచ్చింది. మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి వాళ్ల బాపు మూడున్నర లక్షలు తీసి చేతిలో పెట్టాడు. వీడు జీతంలో దాచుకున్నది ఇంకో లక్ష లోపు. ఆ మూడున్నర లక్షల వెనక ఎకరాల కౌలు, పురుగు మందుల అప్పు, కూలీలకిచ్చిన డబ్బులు అన్నీ ఉన్నాయి. బండి తేడా వస్తే మళ్లీ అంత డబ్బు చేతికి రావాలంటే ఎన్ని పంటలు పండాలో తాండాలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.

వాడికి కావాల్సింది స్పోర్టీ బండి. వాళ్ల బాపుకి కావాల్సింది అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలన్నా స్టార్టయ్యే బండి. వాళ్ల యాడికి కావాల్సింది వాయిదాలు లేని బండి. ఈ మూడూ ఒకే కారులో దొరుకుతాయా అన్నదే ప్రశ్న. దొరుకుతాయనే చెప్తాం. కానీ మోడల్ పేరు చూసి కాదు, బానెట్ కింద ఏముందో చూసి ఎంచుకోవాలి.

ముందు స్పోర్టీ అంటే ఏంటో మాట్లాడుకుందాం. మన కుర్రాళ్లలో సగం మందికి స్పోర్టీ అంటే నల్ల అద్దాలు, వెనక పెద్ద సైలెన్సర్, అల్లాయ్ వీల్స్. అవన్నీ ఆటోనగర్‌లో ఒక్క పూటలో వేయించుకోవచ్చు. అసలు విషయం రోడ్డు మీద తెలుస్తుంది. జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వాటి లారీలు, సున్నపురాయి టిప్పర్లు లోపలి రోడ్ల మీద వరసగా పోతుంటాయి. రెండు లైన్ల రోడ్డు మీద లోడు లారీని దాటాలంటే ఎదురుగా కనిపించే ఖాళీ కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో మూడో గేరులో తొక్కితే బండి లాగాలి. బ్రేకు కొడితే వంకర పోకుండా ఆగాలి. మా దృష్టిలో స్పోర్టీ అంటే అంతే. హైవే మీద 160 కొట్టడం కాదు, నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద కార్లకు అనుమతి 100 వరకే.

అంటే హార్స్ పవర్ ఒక్కటే చూస్తే చాలదు, బండి బరువు కూడా చూడాలి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ 83 హార్స్ పవరే, కానీ బరువు 900 కిలోల లోపే. దానికి ముందు 2011లో వచ్చిన మోడల్ ఇంకా బరువు. ఇంజిన్ దాదాపు అదే అయినా కొత్తది చురుగ్గా కదలడానికి కారణం బరువు తగ్గడమే. పొలంలో ఒకే జత ఎద్దులు, బస్తాలు తక్కువైతే బండి తేలిగ్గా పోతుంది కదా, అలాగన్నమాట.

మన దేశంలో చాలా చిన్న కార్లకు 1.2 లీటర్ పెట్రోల్ ఇంజినే ఎందుకుంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా? 2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. కారు పొడవు 4 మీటర్ల లోపు ఉండాలి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు అని షరతు. అంతే, చాలా కంపెనీలు 1197, 1198 సీసీలకు వచ్చి కూర్చున్నాయి. 2005 మేలో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లో 1.3 లీటర్ ఇంజిన్, 87 హార్స్ పవర్ ఉండేది. అది 2010లో 1.2 లీటర్ కె సిరీస్‌గా మారింది. విదేశాల్లో అమ్మే స్విఫ్ట్ స్పోర్ట్ మన దేశానికి అసలు రాలేదు. యూట్యూబ్‌లో ఆ బండి వీడియోలు చూసి ఇక్కడి స్విఫ్ట్ దగ్గర అదే ఆశించే తమ్ముళ్లున్నారు, వాళ్ల కోసం చెప్తున్నాం.

ఆ కె సిరీస్ 1.2 నాలుగు సిలిండర్ల ఇంజిన్. టర్బో లేదు. లోపల చిక్కులు తక్కువ. టైంకి ఆయిల్ మారిస్తే లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా పెద్దగా నోరెత్తదు. స్పేర్లు జగ్గయ్యపేటలో దొరుకుతాయి, చేయి పెట్టగల మెకానిక్ ప్రతి మండలంలో ఉంటాడు. నమ్మకం అనే మాటకు మా ఊళ్లలో అర్థం ఇదే: బండి పాడవకపోవడం కాదు, పాడైతే సాయంత్రానికి బాగవడం.

ఇక డీజిల్ సంగతి. స్విఫ్ట్ డీజిల్ అంటే మన వైపు ఒక పిచ్చి. ఆ 1248 సీసీ ఇంజిన్ నిజానికి మారుతిది కాదు, ఇటలీ ఫియట్ కంపెనీ మల్టీజెట్. 2007 నుంచి లైసెన్సు మీద స్విఫ్ట్‌లో పెట్టారు. అదే ఇంజిన్ ఫియట్ పుంటోలో ఉంది, టాటా ఇండికా విస్టాలో ఉంది, రిట్జ్‌లో ఉంది. 75 హార్స్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. 2000 ఆర్పీఎం దాకా నిద్రపోతూ ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా వీపు మీద తన్నినట్టు లాగుతుంది. ఆ తన్ను రుచి మరిగినవాడికి పెట్రోల్ స్విఫ్ట్ చప్పగానే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ మానేసింది. అంటే ఇప్పుడు మార్కెట్లో ఉన్న ప్రతి స్విఫ్ట్ డీజిల్ 2020 నాటిదో, అంతకన్నా పాతదో. మన బడ్జెట్‌లో దొరికేవి ఎక్కువగా 2013, 2014, 2015 బళ్లు. అందులో చాలా వరకు ట్రావెల్స్ కింద తిరిగినవే.

మావాడు డీజిల్ కావాలని పట్టు పట్టాడు. అప్పుడు కాగితం మీద లెక్క వేశాం. వాడు నందిగామలో రూములో ఉండి ఉద్యోగం చేస్తాడు. శని, ఆదివారాలు తాండాకి, నెలలో రెండు మూడుసార్లు విజయవాడకి. కలిపి నెలకి 800 కిలోమీటర్లు. పెట్రోల్ లీటరు 110 దగ్గర, డీజిల్ 97 దగ్గర వేసుకున్నాం. పెట్రోల్ స్విఫ్ట్ మన రోడ్ల మీద ఏసీ వేసుకుని లీటరుకి 16 ఇస్తుందనుకుంటే 50 లీటర్లు, 5,500 రూపాయలు. డీజిల్ 20 ఇస్తుందనుకుంటే 40 లీటర్లు, 3,880. తేడా నెలకి 1,600 చిల్లర, ఏడాదికి 19 వేలు. బాగానే ఉంది కదా అంటాడు. కానీ లక్షన్నర తిరిగిన డీజిల్‌కి ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్, వీటిలో ఏ ఒక్క పెద్ద పని వచ్చినా ఏడాది మిగులు పోయినట్టే. రెండు కలిసి వస్తే రెండేళ్లది. నెలకి 2,000 కిలోమీటర్లు తిరిగేవాడికైతే లెక్క తిరగబడుతుంది, వాడికి మేమే డీజిల్ తీసుకోమని చెప్తాం. 800 తిరిగేవాడికి డీజిల్ అనేది సరదా, పొదుపు కాదు.

ఇంకో మాట. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు వచ్చాయి. అందుకని అక్కడి కార్లు తక్కువ ధరకి దక్షిణాదికి వస్తున్నాయి. డీఎల్ బోర్డుతో మెరిసిపోతూ లక్ష తక్కువకి కనబడితే తొందరపడొద్దు. అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ గడువు ఎన్నేళ్లు మిగిలింది, ఇవి కలుపుకుంటే ఆ లక్ష ఎటు పోయిందో తెలియదు.

పోలో గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం. ఫోక్స్‌వ్యాగన్ పోలో 2010 నుంచి 2022 దాకా ఇక్కడ అమ్మారు. డోరు వేస్తే వచ్చే శబ్దానికే మనసు పోతుంది. కానీ పోలోలన్నీ జీటీలు కావు. మామూలు 1.2 పెట్రోల్ పోలో మూడు సిలిండర్లు, 75 హార్స్ పవర్, బండి బరువుకి అది చాలదు. 2013లో వచ్చిన జీటీ టీఎస్ఐ మాత్రం టర్బో, 105 హార్స్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. రెండూ 1.2 లీటర్లే కాబట్టి సీసీ చూసి తేడా పట్టలేరు. వెనక జీటీ అనే అక్షరాలు ఎవరైనా అంటించుకోవచ్చు. 1.2 టీఎస్ఐ ఎప్పుడూ ఆటోమేటిక్‌లోనే వచ్చింది. కాబట్టి మాన్యువల్ గేరు బండి చూపించి "1.2 టీఎస్ఐ తమ్ముడూ" అన్నాడంటే మాట అక్కడితో ఆపేయొచ్చు. ఆర్సీలో వేరియంట్ పేరు చదవండి. ఇక ఆ డీఎస్‌జీ గేరుబాక్సులో మెకట్రానిక్ యూనిట్ పోవడం అందరికీ తెలిసిన సమస్య. పోయిందంటే ఆ బిల్లు మన పాత బండి ధరలో పెద్ద ముక్కే. 2020లో వచ్చిన 1.0 టీఎస్ఐ మాన్యువల్, 110 హార్స్ పవర్, అది మంచి బండి. ధర మాత్రం మన నాలుగు లక్షలకు పైనే.

టర్బో పెట్రోల్ ఏదైనా ఒకటే సూత్రం. మారుతి బలెనో ఆర్ఎస్ కానీ, హ్యుందాయ్ నియోస్ టర్బో కానీ, అవి లాగుతాయి, డౌట్ లేదు. కానీ మొదటి ఓనర్ ఆయిల్ టైంకి మార్చాడా, మంచి ఆయిల్ పోశాడా అన్నది సర్వీస్ రికార్డుతో తేలితేనే తీసుకోండి. రికార్డు లేని టర్బో బండి అంటే మందు చీటీ లేని రోగి.

ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్ 100 హార్స్ పవర్, 215 న్యూటన్ మీటర్లు. ఈ ధరలో అంత లాగే బండి ఇంకోటి లేదని మా షెడ్డు వాడి వాదన. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి రేటు బాగా పడింది. విజయవాడలో ఉండేవాడికి ఓకే, తాండాలో ఉండేవాడికి ఒక్క సెన్సార్ కోసం వారం ఎదురుచూసే ఓపిక ఉండాలి. ఎవరూ పట్టించుకోని ఇంకో బండి హోండా బ్రియో. చిన్నది, తేలిక, 1.2 ఐవీటెక్ 88 హార్స్ పవర్. డిక్కీలో ఒక బస్తా కూడా సరిగ్గా పట్టదు. పెళ్లికాని కుర్రాడికి ఫరవాలేదు.

పెట్రోల్ బళ్లకి ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ గొడవ ఒకటుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లలో దానికి తట్టుకునే రబ్బరు, పైపులు వాడారు. అంతకుముందువి తీసుకుంటే మైలేజీ కొంచెం పడుతుందని లెక్కలో వేసుకోండి. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసులో చూపించుకుంటూ ఉండండి. మేం 16 అని లెక్కేసింది అందుకే, కంపెనీ చెప్పే 22 కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, దయచేసి ఇది మాత్రం స్కిప్ చేయొద్దు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు గుర్తున్నాయా? గరికపాడు దగ్గర పాలేరు పొంగి వంతెన దెబ్బతింది, ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కింది, విజయవాడ సింగ్‌నగర్ బుడమేరులో మునిగింది. వేల బళ్లు నీళ్లలో ఉన్నాయి. ఆ బళ్లన్నీ ఏమయ్యాయి? కొన్ని తుక్కుకి పోయాయి. కొన్నిటిని కడిగి, సెంటు కొట్టి, కొత్త సీటు కవర్లు వేసి అమ్ముతున్నారు. మేం చూసిన బళ్లలో ఒకటి అచ్చం అలాంటిదే. పైన అద్దంలా ఉంది. రీడింగ్ 42 వేలు. ధర మార్కెట్ కంటే అరవై వేలు తక్కువ. మా బీటెక్ వాడు డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగాడు. చివరి జానెడు బెల్టు మీద బురద గీత, ఎండిపోయి ఉంది. స్టెప్నీ ఎత్తితే కింద ఒండ్రు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు. "కడిగించినప్పుడు తడిసింది లెండి" అన్నాడు అమ్మేవాడు. కారు కడిగితే బెల్టు చుట్టలోకి బురద ఎలా పోతుందో ఆయనకే తెలియాలి. అలాంటి బండి ఇంజిన్ బాగుచేయొచ్చు, వైరింగ్ మాత్రం ఎప్పుడు ఎక్కడ తెగుతుందో దేవుడికే తెలియదు. ఎయిర్‌బ్యాగ్ పని చేయాల్సిన రోజున చేయకపోతే అడగడానికి మనం ఉండం.

బండి చూడ్డానికి పోయేటప్పుడు పొద్దున్నే పోండి, ముందు రోజు ఫోన్లో "స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగ అబద్ధం చెప్పదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ బోరుకొచ్చినట్టే. నల్ల పొగ ఆగకుండా వస్తే డీజిల్‌లో ఇంజెక్టర్ల పని. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. ఆయిల్ మూత తీసి లోపల చూడండి, మీగడ లాంటిది అంటుకుని ఉంటే అదీ అదే రోగం. రీడింగ్ తిప్పడం పదిహేను నిమిషాల పని కాబట్టి దాన్ని నమ్మొద్దు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయ్యి, రీడింగ్ 35 వేలు చూపిస్తే నవ్వుకుని వచ్చేయండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

మన ఊళ్లు బోర్డర్ మీద ఉన్నాయి, కోదాడ పక్కనే. తెలంగాణ బండి తీసుకుంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చాలామంది ఏపీ అని బోర్డు చూసి మనదే అనుకుంటారు. ఏపీ 20 ఖమ్మం, ఏపీ 24 నల్గొండ. 2014 జూన్‌కి ముందు బళ్లు అవి, రికార్డులు తెలంగాణలో ఉంటాయి. మన పాత కృష్ణా జిల్లాది ఏపీ 16, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఫారం 35, పెండింగ్ చలానాలు ఇవన్నీ చూశాకే డబ్బులివ్వండి. "ట్రాన్స్‌ఫర్ తర్వాత చేయించుకోండి" అంటే వద్దు. ఆ బండితో ఏదైనా జరిగితే స్టేషన్‌లో ఎవరి పేరుందో వాళ్లనే అడుగుతారు, నడిపినవాడు మన కుర్రాడైతే ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. అది మనందరికీ తెలిసిందే.

తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పుదామని కూడా అనుకోవద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. మనోళ్లు కొందరు ఇదే ఆలోచనతో స్విఫ్ట్‌లు కొంటున్నారు కాబట్టి చెప్తున్నాం.

డబ్బు విషయం. ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఆధార్ మీద తాండా అడ్రసు చూసి "మీ ఏరియాకి ఇవ్వం" అన్నారు. జీతం స్లిప్పు చూపించినా వినలేదు. వాడికి ఆ రోజు చాలా కోపం వచ్చింది. అప్పు చేసైనా ఆరు లక్షల పోలో కొంటానని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ప్రైవేటు వడ్డీకి ఇచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు, నూటికి మూడు రూపాయలు. లక్షన్నర మీద నెలకి 4,500 వడ్డీ ఒక్కటే. వాడి నెల పెట్రోల్ ఖర్చు 5,500 అని ఇందాక చూశాం కదా. దాదాపు ఇంకో కారు నడుపుతున్నట్టే, ఎక్కడానికి మాత్రం ఉండదు. ఈ లెక్క వాడికి వాళ్ల యాడే చెప్పింది, మేం కాదు. ఆమె ఏనాడూ బడికి పోలేదు.

చివరికి తీసుకున్నది 2018 స్విఫ్ట్ పెట్రోల్, వీఎక్స్ఐ, మాన్యువల్, తెల్లది. 2018 మోడల్ నుంచి అన్ని వేరియంట్లలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి, అంతకుముందు కింది వేరియంట్లలో ఉండవు, మేం 2018 దగ్గర గీత గీసింది అందుకే. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి వచ్చింది రెండు స్టార్లే, పోలోకి 2014లో నాలుగు వచ్చాయి. భద్రత విషయంలో ఇది గొప్ప బండి అని మేం చెప్పడం లేదు. బెల్టు లేకుండా, వెనక సీటులో సహా, ఎవరూ కూర్చోవద్దని ఒప్పందం చేసుకున్నాం. ఒకే ఓనరు, కంపెనీ సర్వీస్ రికార్డు మొత్తం ఉంది, 71 వేలు తిరిగింది. ఆయన 4,60,000 చెప్పాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గి కొత్త బండి రేటే పడిందని చెప్పాం, ముందు టైర్లు రెండూ చూపించాం, 4,20,000కి వచ్చాడు. మొత్తం బ్యాంకు నుంచే పంపించాం, చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

తెచ్చిన రోజే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చాం. ముందు టైర్లు రెండు కొత్తవి. వాడి పేరు మీద ఫాస్టాగ్ తీసుకుని 3,000 రూపాయల ఏడాది పాస్ తీసుకున్నాడు, 200 ట్రిప్పులు వస్తాయి. చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు రెండూ వాడి దారిలోనే కాబట్టి అది బాగా కలిసొచ్చింది. మొదటి నెల మైలేజీ ట్యాంకు నుంచి ట్యాంకుకి కొలిస్తే 16.8 వచ్చింది. ఇప్పుడు వాళ్ల బాపు ముందు సీట్లో కూర్చుని "ఇంకొంచెం తొక్కు" అంటున్నాడట. వచ్చే ఆదివారం వత్సవాయి వైపు ఒక ఐ20 చూడ్డానికి పోతున్నాం, చెల్లెలొకామె బీఈడీ కాలేజీకి పోవడానికి అడిగింది. ఆ వైపు ఎవరికైనా బండి చూపించుకోవాలని ఉంటే శనివారం లోపు చెప్పండి, స్కానర్ తెస్తాం. టీ ఖర్చు మాత్రం మీదే.